ఎక్స్‌రేలో ఎముకల నిండా తెల్ల చుక్కలా? ఆస్టియోపాయికిలోసిస్ అనుమానం వస్తే వరసగా ఏం చేయాలి

బండి మీద నుంచి జారి పడ్డారు, మోకాలు వాచింది, ఎముక విరిగిందేమో చూద్దామని ఎక్స్‌రే తీయించారు. విరగలేదు. కానీ రిపోర్టు చివర ఇంకో లైను ఉంది: "మల్టిపుల్ స్క్లెరోటిక్ ఫోకై, మెటాస్టాసిస్ రూల్ అవుట్ చేయాలి." ఆ మాటలు ఫోన్‌లో కొట్టి చూశారు: ఎముకలో చాలాచోట్ల గట్టి చుక్కలున్నాయి, వేరే చోటి క్యాన్సర్ ఎముకలకి పాకిందేమో చూసి కాదని తేల్చుకోవాలి అని అర్థం. ఇక ఆ రాత్రి నిద్ర పట్టదు, ఇంట్లో వాళ్ళకి చెప్పాలో వద్దో తెలియదు.

అలాంటి రిపోర్టు చేతిలో పట్టుకుని కూర్చున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆ లైనుకి కారణాలు చాలా ఉండొచ్చు, క్యాన్సర్ కూడా అందులో ఒకటి, కాబట్టి దాన్ని తేల్చుకోవాల్సిందే. కానీ వంశంలో వచ్చి, జీవితాంతం ఏ హానీ చేయకుండా ఎముకల్లో అలా ఉండిపోయే ఒక స్థితి కూడా ఎక్స్‌రేలో ఇలాంటి చుక్కలనే చూపిస్తుంది. దాని పేరు ఆస్టియోపాయికిలోసిస్. మా అమ్మ వైపు కుటుంబంలో ఇది ఉంది, నాకూ ఉంది. అందుకే దీని గురించి చదివాను, డాక్టర్లని అడిగాను, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో కూడా చూశాను. నేను డాక్టర్‌ని కాదు. చివరి మాట మీ ఫిల్ము చూసిన డాక్టర్‌దే. కానీ ఆ డాక్టర్ దగ్గరికి ఏం తీసుకెళ్ళాలో, ఏం అడగాలో, దేనికి తొందరపడకూడదో తెలిసి వెళ్తే పని సగం అయినట్టే.

1. ముందు ఫిల్ము తెచ్చుకోండి, సీడీ కూడా

రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన చేయగలిగింది తక్కువ. ఈ స్థితిని పట్టుకునేది చుక్కలు ఎక్కడ ఉన్నాయి, ఎలా ఉన్నాయి అన్న దాన్ని బట్టే, అది బొమ్మలో తప్ప మాటల్లో దొరకదు. స్కానింగ్ సెంటర్‌లో అడిగితే డైకామ్ ఫైళ్ళు, అంటే స్కానింగ్ మిషన్ తీసిన అసలు బొమ్మలు, ఉన్న సీడీ గానీ లింకు గానీ ఇస్తారు. అడగడానికి మొహమాటపడకండి. ఫిల్ముని ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే చిన్న చుక్కలు చెరిగిపోతాయి. ఒకరి అభిప్రాయం కోసం తప్పదనుకుంటే డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటోగా పంపొద్దు.

రిపోర్టులో స్క్లెరోటిక్ అని ఉంటే ఆ చోట ఎముక మామూలు కంటే గట్టిగా, దట్టంగా ఉందని, అందుకే తెల్లగా కనిపిస్తోందని. లీజన్ అని రాసినా అది క్యాన్సర్ అని రాసినట్టు కాదు, మామూలుకి భిన్నంగా ఏది కనిపించినా ఆ మాటే వాడతారు. క్లినికల్ కోరిలేషన్ అన్నారంటే బొమ్మ ఒక్కటే చూసి చెప్పలేం, మనిషిని చూసి కలిపి చెప్పాలి అని. వయసు ఎంత, నొప్పి ఎలా ఉంది, ఇంతకుముందు జబ్బులేమైనా ఉన్నాయా ఏమీ తెలియకుండా ఒక్క మోకాలి ఫిల్ము చూసిన రేడియాలజిస్ట్ క్యాన్సర్ అన్న మాట ఒకటి రాసిపెట్టడంలో తప్పు లేదు. ఆయన జాగ్రత్త ఆయనది.

2. బొమ్మని మీరే ఒకసారి తీరిగ్గా చూడండి

ఇది డాక్టర్ పని కదా అనకండి. మీరు చూసి నిర్ణయించమని కాదు, చూస్తే తర్వాత డాక్టర్ చెప్పేది అర్థమవుతుంది. పగటిపూట కిటికీ వెలుతురుకి ఎదురుగా ఫిల్ము పట్టుకోండి, లేదా సీడీని కంప్యూటర్‌లో పెట్టి పెద్దది చేసి చూడండి.

ఆస్టియోపాయికిలోసిస్ అయితే ఎముక చివర్లలో, అంటే కీలు దగ్గర, సగ్గుబియ్యం గింజలు చల్లినట్టు చిన్న చిన్న తెల్ల చుక్కలు గుంపుగా కనిపిస్తాయి. ఒక్కొక్కటి ఎక్కువగా 2 నుంచి 10 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. గుండ్రంగా గానీ కోలగా గానీ ఉంటాయి. కోలగా ఉన్నవి తరచుగా ఎముక పొడవు వైపే తిరిగి ఉంటాయి. అంచులు స్పష్టంగా ఉంటాయి, సైజులో ఒకదానికొకటి పెద్ద తేడా ఉండదు. ఎముక బయటి గట్టి పొర చెక్కుచెదరకుండా ఉంటుంది, దాని మీద కొత్తగా ఎముక పేరుకున్న గుర్తులుండవు, కీళ్ళ మధ్య సందు మామూలుగానే ఉంటుంది.

ఎక్కడ వెతకాలంటే, మోకాలి ఫిల్ములో తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర. చేతి ఫిల్ములో మణికట్టులోని చిన్న ఎముకలు, అరచేతి ఎముకల తలలు, వేళ్ళ ఎముకల చివర్లు. పాదంలో మడమ వైపు ఎముకలు. కటి ఎముక ఫిల్ములో తుంటి గిన్నె చుట్టూ, తొడ ఎముక తల, మెడ. భుజంలో చేతి ఎముక తల, అది కూర్చునే గిన్నె. పొడవైన ఎముకల నడిమి భాగం దాదాపు ఖాళీగా ఉంటుంది. పుర్రెలో, పక్కటెముకల్లో, వెన్నుపూసల్లో కనిపించడం అరుదు. ఇవన్నీ ఒక ఎత్తు, రెండు వైపులా ఉండటం ఒక ఎత్తు. కుడి చేతిలో ఉంటే ఎడమ చేతిలోనూ అదే తీరులో ఉంటాయి. నా ఫిల్ము చూసిన డాక్టర్ ముందు నా రెండు చేతుల ఎక్స్‌రేలనీ పక్కపక్కన పెట్టారు, ఆ తర్వాతే మాట్లాడారు.

ఇంతకీ ఆ చుక్కలేమిటంటే, అవి కూడా ఎముకే. ఎముక లోపల మెత్తటి వలలాంటి భాగం ఉంటుంది, బయట గట్టి పొర ఉంటుంది. ఆ గట్టి రకం ఎముక చిన్న చిన్న ముద్దలుగా లోపలి వలలో ఏర్పడితే ఎక్స్‌రేలో తెల్ల చుక్క. ఒకటో రెండో ఉంటే బోన్ ఐలాండ్ అంటారు, అది చాలామందిలో ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. పదులు, వందల కొద్దీ కీళ్ళ చుట్టూ చేరితే ఆస్టియోపాయికిలోసిస్.

3. పేరు వెతికేటప్పుడు జాగ్రత్త

ఒకే రకంగా వినిపించే పేర్లు మూడున్నాయి, ఒకదాని బదులు ఇంకొకటి చదివి భయపడ్డవాళ్ళని చూశాను. ఆస్టియోపోరోసిస్ అంటే ఎముకలు గుల్లబారడం. ఆస్టియోపెట్రోసిస్ అంటే ఎముక మొత్తం రాయిలా గట్టిపడి, అయినా పెళుసుగా విరిగిపోయే జబ్బు, పసిపిల్లల్లో వచ్చే రకం చాలా ప్రమాదకరం కూడా. మనం మాట్లాడుకుంటున్నది ఆస్టియోపాయికిలోసిస్, దీంట్లో ఎముక బలం తగ్గదు, విరిగే అవకాశం దీనివల్ల పెరగదు. ఆల్బర్స్-షోన్‌బర్గ్ అనే జర్మన్ రేడియాలజిస్ట్ 1904లో ఆస్టియోపెట్రోసిస్ గురించి రాశాడు, 1915లో ఈ చుక్కల స్థితి గురించీ రాశాడు. అందుకని ఆయన పేరుతో వెతికినా రెండూ కలగలిసి వస్తాయి. స్పెల్లింగ్ అక్షరం అక్షరం సరిచూసుకోండి.

4. డాక్టర్ దగ్గర ఏం అడగాలి

ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, వీలైతే ఎముకలు, కీళ్ళ స్కానింగుల్లో ప్రత్యేకంగా పనిచేసే రేడియాలజిస్ట్ చేత ఫిల్ము చదివించమని అడగండి. హైదరాబాద్‌లో నిమ్స్ లాంటి పెద్ద సంస్థల్లో, రెండు రాష్ట్రాల్లో మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో రేడియాలజీ విభాగాలుంటాయి. ఇది అరుదైన విషయం, రోజూ కనిపించేది కాదు. సుమారు 50 వేల మందిలో ఒకరికి ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు ఎనిమిదిన్నర కోట్ల మందిమి, ఆ లెక్కన మనలో పదిహేడు వందల మంది దాకా ఉండాలి. ఎప్పుడూ ఎక్స్‌రే తీయించుకోనివాళ్ళకి తమకి ఉందన్న సంగతే తెలియదు. కాబట్టి మీ ఊళ్ళో డాక్టర్‌కి మీరే మొదటి కేసు అయినా ఆశ్చర్యం లేదు, అందుకు ఆయన్ని తక్కువ చేయాల్సిన పనీ లేదు.

అక్కడ సూటిగా ఇలా అడగండి: "సార్, ఇవి రెండు వైపులా ఒకేలా ఉన్నాయేమో చూస్తారా? రెండు చేతులు, కటి ఎముక, రెండో మోకాలు ఎక్స్‌రే తీస్తే తేలుతుందా? ఇది ఆస్టియోపాయికిలోసిస్ అయ్యే అవకాశం ఉందా?" మేడమ్ అయితే మేడమ్ అనండి, ప్రశ్న అదే.

చేతుల ఎక్స్‌రే ఎందుకు అడగమంటున్నానంటే దానికి గట్టి కారణం ఉంది. క్యాన్సర్ ఎముకలకి పాకేటప్పుడు ఎక్కువగా వెన్నుపూసలు, కటి, పక్కటెముకలు, తొడ ఎముక పై భాగం లాంటి చోట్లకి వెళ్తుంది. మోచేతి కింద, మోకాలి కింద ఎముకలకి పాకడం చాలా తక్కువ, మణికట్టులోని చిన్న ఎముకలకి పాకడం మరీ అరుదు. మరి రెండు మణికట్టుల్లోనూ, రెండు పాదాల్లోనూ ఒకే తీరు చుక్కలు కనిపించాయంటే బొమ్మ దాదాపు తన పేరు తానే చెప్పేసినట్టు. పైగా చేతి ఎక్స్‌రేకి పట్టే రేడియేషన్ నామమాత్రం. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఈ చవక ఎక్స్‌రేనే. నేరుగా పెద్ద స్కానులకి పరిగెత్తేవాళ్ళు దీన్ని దాటేసి వెళ్ళిపోతారు. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా ఏ ఎక్స్‌రేకైనా ముందే చెప్పాలి, ముఖ్యంగా కటి భాగానికి.

5. రక్త పరీక్షలు

కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, మామూలు బ్లడ్ కౌంట్, ఈఎస్ఆర్ రాస్తారు. వయసు మీద పడిన మగవాళ్ళకి పీఎస్ఏ కూడా రాయొచ్చు, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకల్లో తెల్ల మచ్చలే తెస్తుంది కాబట్టి. ఆడవాళ్ళయితే రొమ్ము పరీక్ష చేయించుకోవాలి, అదే కారణం. ఆస్టియోపాయికిలోసిస్ వల్ల ఈ పరీక్షల్లో ఏదీ అటూ ఇటూ అవ్వదు. ఎదిగే పిల్లల్లోనూ, ఎముక విరిగి అతుకుతున్నప్పుడూ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ సహజంగానే ఎక్కువ చూపిస్తుంది, ఆ అంకె ఒక్కటే చూసి కంగారుపడొద్దు.

6. పెద్ద స్కానులు ఎప్పుడు, బయాప్సీ ఎప్పుడు

చుక్కల తీరు స్పష్టంగా ఉండి, రెండు వైపులా ఉండి, రక్త పరీక్షలు బాగుండి, ఒంట్లో వేరే ఇబ్బందేమీ లేకపోతే చాలామందికి కథ ఎక్స్‌రేతోనే అయిపోతుంది. అనుమానం మిగిలితే తర్వాతి మెట్టు సాధారణంగా బోన్ స్కాన్. టెక్నీషియం-99ఎమ్ అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందుని నరంలోకి ఎక్కించి, రెండు మూడు గంటలాగి ఒళ్ళంతా కెమెరాతో చూస్తారు. ఎముక ఎక్కడ చురుగ్గా కొత్తగా కట్టుకుంటోందో అక్కడ మందు ఎక్కువ చేరుతుంది. తెల్ల మచ్చలు తెచ్చే క్యాన్సర్ అయితే ఆ చోట్లు సాధారణంగా వెలుగుతాయి. ఆస్టియోపాయికిలోసిస్ చుక్కలు ఎక్స్‌రేలో అంత కొట్టొచ్చినట్టు ఉన్నా బోన్ స్కాన్‌లో సాధారణంగా ఏమీ కనిపించదు. ఈ తేడానే డాక్టర్లు చూసేది. అయితే కొద్దిమందిలో కాస్త మందు చేరిన సందర్భాలూ ఉన్నాయి, కాబట్టి స్కాన్‌లో కొంచెం మెరుపు కనిపించినంత మాత్రాన అన్నీ తలకిందులయ్యాయని అనుకోకండి. దాన్ని ఎక్స్‌రే తీరుతో కలిపి చదవాలి. దీని రేడియేషన్ 4 మిల్లీసీవర్టుల చుట్టుపక్కల ఉంటుంది, మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి సగటున అందేది 2.4. ప్రమాదం అనలేం గానీ, ఊరికే మనశ్శాంతి కోసం మళ్ళీ మళ్ళీ తీయించుకునేది కూడా కాదు.

ఎమ్మారై తీస్తే అందులో టీ1, టీ2 అనే రెండు రకాల బొమ్మల్లోనూ ఈ చుక్కలు నల్లగా కనిపిస్తాయి, చుట్టూ నీరు చేరిన వాపు ఉండదు. సీటీలో దట్టమైన తెల్లటి ముద్దలుగా కనిపిస్తాయి. ఇవి రెండూ ఈ చుక్కల కోసమే అవసరమయ్యేది తక్కువ, వేరే కారణానికి తీసినప్పుడు కనిపించి భయపెట్టేదే ఎక్కువ. మోకాలి లిగమెంట్ కోసం ఎమ్మారై తీస్తే మూలగలో నల్ల చుక్కలు అని రిపోర్టు వచ్చి, రక్త క్యాన్సరేమోనని వెతుక్కునేవాళ్ళుంటారు. అలాంటప్పుడు అదే చోట మామూలు ఎక్స్‌రే తీసి పక్కన పెడితే చాలాసార్లు విషయం తేటతెల్లమవుతుంది.

ఇక బయాప్సీ. ఎవరైనా వెంటనే ముక్క తీసి పరీక్షకి పంపుదాం అంటే, "సార్, చేతులు, కటి ఎక్స్‌రేలు చూశాక నిర్ణయిద్దామా?" అని మర్యాదగా అడగండి. బొమ్మ స్పష్టంగా ఉన్నప్పుడు బయాప్సీ అక్కర్లేదు. బొమ్మ స్పష్టంగా లేనప్పుడు అక్కర ఉండొచ్చు, అప్పుడు భయపడి మానేయకూడదు.

ఈ కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇది హానిలేని చుక్కల సంగతేలే అని మీకు మీరు సర్దిచెప్పుకోవద్దు. చుక్కలు ఒకవైపే ఉండటం. వెన్నుపూసలు, పక్కటెముకల్లోనే ఉండి కీళ్ళ దగ్గర లేకపోవడం. సైజులు బాగా తేడాగా ఉండటం, అంచులు చెదిరి ఉండటం, ఎముక తినేసినట్టు నల్లటి ఖాళీలు కనిపించడం. రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, వదలని జ్వరం. ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండటం. వీటిలో ఏది ఉన్నా పూర్తి పరీక్షలు చేయించుకోవాలి, ఆలస్యం చేయకుండా.

7. ఫ్లోరోసిస్ అనుకుని పొరపడొద్దు

నల్గొండ వైపు, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి, దర్శి, పొదిలి వైపు వాళ్ళకి ఎముకలు గట్టిపడ్డాయి అనగానే ముందు గుర్తొచ్చేది నీళ్ళలోని ఫ్లోరైడే. సహజం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని మొదట గుర్తించి రాసింది కూడా 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. కానీ రెండింటి బొమ్మలూ వేరు. ఫ్లోరోసిస్‌లో విడివిడి చుక్కలుండవు, వెన్నుపూసలు, కటి, పక్కటెముకలు మొత్తంగా తెల్లబారతాయి. లిగమెంట్లు అతుక్కునే చోట్ల ముళ్ళలాంటి ఎదుగుదల వస్తుంది, ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పొర సున్నం పట్టినట్టు గట్టిపడుతుంది. చిన్నప్పటి నుంచీ ఆ నీళ్ళు తాగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలుంటాయి. అలాంటి ఊరి నుంచి వచ్చినవాళ్ళయితే ఆ విషయం డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, రెండూ విడివిడిగా చూస్తారు.

దీనికి దగ్గర్లోనే ఇంకో పొరపాటు. ఎముకల్లో తెల్ల చుక్కలంటే కాల్షియం ఎక్కువైందని అనుకుని పాలు మానేసేవాళ్ళు, డాక్టర్ రాసిన కాల్షియం బిళ్ళలు ఆపేసేవాళ్ళు, తాంబూలంలో సున్నం వల్లే అని పెద్దవాళ్ళని ఆడిపోసుకునేవాళ్ళు ఉన్నారు. తిండికీ దీనికీ సంబంధం లేదు. పాలు తాగండి, రాగి జావ తాగండి, మీకు నచ్చింది తినండి.

8. నొప్పి సంగతి విడిగా చూడండి

ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఆస్టియోపాయికిలోసిస్ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. కొద్దిమంది కీళ్ళ నొప్పి ఉందంటారు, ఎప్పుడైనా కీలులో కొంచెం నీరు చేరిందనీ అంటారు, కానీ ఆ నొప్పికి ఈ చుక్కలే కారణమని గట్టిగా చెప్పడం కష్టం. చుక్కలున్నాయని తెలిశాక జరిగే అన్యాయం ఏమిటంటే, ఆ తర్వాత వచ్చే ప్రతి నొప్పినీ వాటి ఖాతాలో వేసేస్తారు. మోకాలి నొప్పికి లిగమెంట్ చిరగడం ఉండొచ్చు, అరుగుదల ఉండొచ్చు, కీళ్ళవాతం ఉండొచ్చు, విటమిన్ డి తక్కువ ఉండొచ్చు. చుక్కలు లేని మనిషికి ఏ పరీక్షలు చేస్తారో మీకూ అవే చేయమని అడగండి. చుక్కలని కరిగించే మందు లేదు, అవసరమూ లేదు. కరిగిస్తామని ఎవరైనా పొడులూ లేహ్యాలూ అమ్మితే కొనకండి.

ఒక సందర్భం మాత్రం వేరు. ఒకే చేతిలో గానీ కాలులో గానీ ఎముక పొడవునా అదనంగా గట్టి పొర పేరుకుని, నొప్పి, బిగుసుకుపోవడం, వంకర ఉంటే దాన్ని మెలోరియోస్టోసిస్ అంటారు. అది అరుదుగా ఆస్టియోపాయికిలోసిస్‌తో పాటు కనిపిస్తుంది. దానికి ఎముకల డాక్టర్ చికిత్స కావాలి.

9. ఒంటి మీద చర్మం చూసుకోండి

నడుము, తొడలు, పిరుదులు, పొట్ట, చేతుల మీద నొప్పీ దురదా లేని చిన్న చిన్న గట్టి పొక్కులు, చర్మం రంగులో గానీ కాస్త పసుపుగా గానీ, ఒక్కోసారి గుంపుగా కలిసి బిళ్ళలా, చిన్నప్పటి నుంచీ ఉన్నాయేమో గమనించండి. 1928లో బెర్లిన్‌లో బుష్కే, ఓలెన్‌డార్ఫ్ అనే ఇద్దరు చర్మవ్యాధుల డాక్టర్లు ఈ పొక్కుల గురించి రాశారు. చర్మం మీద ఈ పొక్కులు, ఎముకల్లో ఆ చుక్కలు కలిసి ఉంటే వాళ్ళిద్దరి పేరుతోనే బుష్కే-ఓలెన్‌డార్ఫ్ సిండ్రోమ్ అంటారు. పేరు వింటే భయమేస్తుంది గానీ ఇదీ హాని చేసేది కాదు. ఒకే కుటుంబంలో ఒకరికి చర్మం మీద మాత్రమే, ఇంకొకరికి ఎముకల్లో మాత్రమే, వేరొకరికి రెండు చోట్లా ఉండొచ్చు. చర్మం డాక్టర్‌కి ఒకసారి చూపించండి, పక్కనే ఎముకల ఎక్స్‌రే కూడా పెట్టండి. విడివిడిగా చూస్తే ఇద్దరు డాక్టర్లకీ సగం సగమే తెలుస్తుంది.

10. ఇంట్లో వాళ్ళతో ఎలా మాట్లాడాలి

ఇది డామినెంట్ పద్ధతిలో వంశంలో దిగే లక్షణం. అంటే అమ్మకో నాన్నకో ఒక్కరికి ఉన్నా, పుట్టే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగం. ఆడా మగా తేడా లేదు. కారణమైన జన్యువు పేరు ఎల్ఈఎండీ3, 12వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, 2004లో కనిపెట్టారు. శరీరంలో ఎముక పెరగమని చెప్పే కొన్ని సంకేతాలని అదుపులో పెట్టడం ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ పనుల్లో ఒకటి. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చే దాని రెండు కాపీల్లో ఒకటి పనిచేయకపోతే ఆ అదుపు కొంచెం సడలుతుంది. ఇంట్లో ఇంకెవరికీ లేకుండా కొత్తగా ఒకరిలో మొదలైన సందర్భాలూ ఉన్నాయి.

మన ఇళ్ళల్లో వంశంలో వచ్చింది అనగానే మేనరికం మాట వచ్చేస్తుంది. మా ఇంట్లోనూ వచ్చింది. మేనరికాల వల్ల ప్రమాదం పెరిగేది ఇద్దరి నుంచీ ఒక్కో లోపం ఉన్న కాపీ కలిస్తేనే బయటపడే జబ్బుల్లో. దీనికి ఒక్కరి నుంచి వస్తే చాలు, కాబట్టి మేనమామని చేసుకున్నందుకు వచ్చిందని ఎవరినీ తప్పుపట్టడానికి ఇందులో ఏమీ లేదు. అమ్మ వైపు నుంచి వచ్చిందని తెలిసిన రోజు మా అమ్మ ముఖం చూస్తే, ఏదో అపకారం చేసినట్టు కుమిలిపోయింది. ఆమె ఎముకల్లోనూ అవే చుక్కలున్నాయి, డెబ్భై దాటినా మెట్లెక్కి దిగుతోంది. అదే చెప్పాను. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళుంటే ముందు వాళ్ళని చూపించండి పిల్లలకి.

పిల్లలకి ఉందో లేదో చూద్దామని ఎక్స్‌రేలు తీయించొద్దు. తెలిసినా చేసేదేమీ లేదు, అనవసరంగా రేడియేషన్, దానితో పాటు బెంగ. ఎదిగే వయసులో చుక్కలు కొత్తగా రావొచ్చు, పెరగొచ్చు, కొన్ని పోవచ్చు కూడా. జన్యు పరీక్ష కూడా మామూలుగా అక్కర్లేదు, బొమ్మ తికమకగా ఉన్నప్పుడు డాక్టర్ అడిగితే వేరే సంగతి. బంధువుల్లో ఎవరికైనా ఎప్పుడో తీసిన పాత ఎక్స్‌రేలు అటక మీద ఉంటే మాత్రం దింపి చూపించండి. అమ్మకో, పెద్దనాన్నకో ఇరవై ఏళ్ళ కిందటి ఫిల్ములో అవే చుక్కలు ఉంటే, మీ రోగనిర్ధారణకి అంతకంటే బలమైన సాక్ష్యం దొరకడం కష్టం.

పెళ్ళి సంబంధాల దగ్గర ఈ విషయం వస్తే, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, దాన్ని పెద్ద లోపంగా మాట్లాడేవాళ్ళుంటారు. ఆయుష్షుకి దీనివల్ల ఏమీ కాదు, పిల్లలు పుట్టడానికి అడ్డు కాదు, పని చేసుకోవడానికి అడ్డు కాదు. డాక్టర్ చేత రెండు లైన్లు రాయించుకుని పెట్టుకుంటే ఆ మాటని అక్కడితో ఆపొచ్చు.

11. కాగితాలు దాచుకోండి, అడిగిన ప్రతిచోటా ముందే చెప్పండి

తేలిపోయాక ఏటేటా ఎక్స్‌రేలు తీయించుకోవాల్సిన పని లేదు. కానీ ఇప్పుడు తీసిన ఫిల్ములు పారేయకండి. రేపెప్పుడో వేరే ఊళ్ళో, వేరే దేశంలో మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు, మళ్ళీ అదే లైను వస్తుంది, మళ్ళీ మొదటి నుంచీ మొదలు. గల్ఫ్ ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళకి మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు కదా, ఆ ఫిల్ము మూలల్లో భుజాల ఎముకలు పడతాయి, చుక్కలు అక్కడ కనిపించొచ్చు. వెళ్ళేటప్పుడే పాత రిపోర్టు కాపీ ఫైల్లో పెట్టుకెళ్ళండి.

వయసు పెరిగాక వేరే జబ్బులు అందరికీ వచ్చినట్టే మనకీ రావొచ్చు, ఈ చుక్కలు వాటి నుంచి కాపాడవు. దేవుడి దయవల్ల రాకూడదు గానీ, ఎప్పుడైనా ప్రోస్టేట్‌కో రొమ్ముకో క్యాన్సర్ వస్తే అది ఎముకలకి పాకిందా లేదా చూడటానికి స్కానులు తీస్తారు. అప్పుడు పాత ఫిల్ము పక్కన ఉంటే ఏ చుక్క ముందు నుంచీ ఉంది, ఏది కొత్తది అన్నది తేలుతుంది. లేకపోతే హానిలేని చుక్కని చూసి జబ్బు ముదిరిందని అనుకునే ప్రమాదం ఒకవైపు, నిజంగా కొత్తగా వచ్చినదాన్ని పాతదేలే అని వదిలేసే ప్రమాదం ఇంకోవైపు. ఈ రెండో ప్రమాదమే నాకు ఎక్కువ భయం. అందుకే ఇన్నిసార్లు చెబుతున్నాను.

ఫైళ్ళని ఫోన్‌లో ఒక చోట, మెయిల్‌లో ఇంకో చోట, ఆభా అనే ప్రభుత్వ ఆరోగ్య ఖాతా ఉంటే అందులోనూ ఎక్కించండి. ఇంట్లో ఇంకొకరికి అవి ఎక్కడున్నాయో తెలిసి ఉండాలి. ఫోన్‌లో ఎమర్జెన్సీ వివరాల దగ్గర ఈ నాలుగు మాటలు రాసిపెట్టుకోండి: ఆస్టియోపాయికిలోసిస్ ఉంది, రెండు చేతులు, కటి, మోకాళ్ళు, భుజాల్లో చుక్కలు, మొదటి ఎక్స్‌రే తీసిన నెల, సంవత్సరం, బోన్ స్కాన్ తీయించి ఉంటే దాని ఫలితం. మీకు చుక్కలున్న చోట్లు వేరైతే వాటినే రాయండి. ఆ కింద, ఫిల్ములు ఎవరి దగ్గరున్నాయో వాళ్ళ పేరు, నంబరు.